జూలైలో నారు నాటాలంటే మే మొదట్లోనే విత్తనాల ఆర్డరు: మిద్దె తోటకు నేను వేసుకునే లెక్క

హైదరాబాదులో తొలకరి పంటకు టమాటా, వంగ, మిరప నారు జూలై మొదటివారానికి కుండీల్లోకి చేరాలి. నేను ఆ తేదీ పట్టుకుని వెనక్కి లెక్కపెడతాను. టమాటా నారు 25 రోజులకు నాటుకు వస్తుంది, వంగకు 30 నుంచి 35 రోజులు, మిరపకు 35 నుంచి 40 రోజులు పడుతుంది. కాబట్టి మిరప గింజ మే చివరి వారంలో, రోహిణి కార్తెలోనే ట్రేలో పడాలి. వంగ జూన్ మొదట్లో, టమాటా మృగశిర రాగానే. మిరప మొలకెత్తడానికే ఎనిమిది నుంచి పన్నెండు రోజులు తీసుకుంటుంది కనుక మొలక పరీక్షకు పన్నెండు రోజులు, పార్సిలుకు వారం రోజులు పక్కన పెట్టాలి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది మే మొదటి వారం. తొలివాన పడ్డాక ఆర్డరు పెడితే మిరప నారు ఆగస్టులో గాని చేతికి రాదు. బెండ, గోరుచిక్కుడు, తీగజాతులు నేరుగా కుండీలోనే విత్తేవి కాబట్టి వాటికి ఇంత తొందర లేదు. అయినా పార్సిలు ఖర్చు ఒక్కసారే పడాలని అన్నీ కలిపి తెప్పిస్తాను.

తేదీ తేలాక కుండీల లెక్క. మిద్దె మీద పన్నెండంగుళాల గ్రో బ్యాగులు 36, తీగలకు అరవై డెబ్బై లీటర్ల టబ్బులు ఆరు, ఆకుకూరలకు రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న మడులు నాలుగు ఉన్నాయనుకుందాం. నలుగురున్న ఇంటికి నేను వేసే పంపకం ఇది: బెండకు 12 బ్యాగులు, గోరుచిక్కుడుకు 8, వంగకు 6, టమాటాకు 6, మిరపకు 4. టబ్బుల్లో బీర రెండు, కాకర రెండు, సొర రెండు. బెండకు అన్ని బ్యాగులెందుకంటే ఒక్కో మొక్క ఒక రోజుకో, రెండు రోజులకో ఒక కాయ ఇస్తుంది. పది మొక్కలకు తగ్గితే ఒక పూట కూరకు సరిపడా లేత కాయలు ఒకేసారి చేతికి రావు. దాచి కోద్దామని ఆగితే మొదటి కాయలు ముదిరి పీచు పడతాయి. మిరప అలా కాదు. నాలుగు చెట్లుంటే ఇంటికి రోజూ సరిపోతాయి. బీర, కాకర, సొర జాతుల్లో ఆడపువ్వు, మగపువ్వు వేరువేరుగా పూస్తాయి. రెండు పాదులుంటే ఆడపువ్వు విచ్చిన రోజున మగపువ్వు కూడా విచ్చి ఉండే అవకాశం ఎక్కువ.

ఎండ కూడా ఇప్పుడే చూసుకోవాలి. రోజుకు ఆరు గంటల ఎండ తగలని మూల టమాటాకూ మిరపకూ పనికిరాదు, అక్కడ ఆకుకూర మడి పెట్టుకోవచ్చు. ఆ మూలను కాయగూరల లెక్కలోంచి తీసేశాకే విత్తనాల జాబితా రాయండి.

జాబితాలో మొదట రాసేది ఏవి కొననక్కర్లేదో. దొండ కొమ్మతోనే వస్తుంది. పెన్సిలంత లావున్న ముదురు తీగ ముక్క, మూడు నాలుగు కణుపులున్నది గుచ్చితే చాలు. గింజతో మొలిచిన దొండలో మగ తీగలు కూడా వస్తాయి, అవి కాయవు. ఆకాకరలోనూ ఆడ, మగ తీగలు వేరు. దుంపలు తెచ్చుకోవాలి, అదీ రెండు రకాలవీ. పుదీనా కాడతో, బచ్చలి కూడా కాడతో వచ్చేస్తాయి. మెంతులు, ఆవాలు, ధనియాలు వంటింటి డబ్బాలోంచే తీసుకుంటాను. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. చెప్పు అడుగుతోనో, అప్పడాల కర్రతోనో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి విత్తాలి, పిండి చేయకూడదు. అయితే కొత్తిమీరకు చలి రోజులు కావాలి. ఎండల్లో వేస్తే ఆకు రాకముందే పూతకు వెళ్లిపోతుంది.

ఇక కాలం సంగతి. ఇంట్లో పెంచేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మన పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూసే జాతి. జూలై, ఆగస్టుల్లో పెడితే తీగ బాగా సాగి, చలికాలంలో గెలలు గెలలుగా కాస్తుంది. అదే గింజను జనవరిలో, ఫిబ్రవరిలో పెడితే ఎండాకాలమంతా పచ్చగా పాకుతుంది, పువ్వు కనబడదు. చాలామంది విత్తనం నకిలీదని తిట్టుకుని తీగ పీకేస్తారు. గింజలో తప్పులేదు, పొద్దు తగ్గలేదు, అంతే. ఏడాది పొడవునా చిక్కుడు కావాలంటే పొద్దుతో పనిలేని పొద రకాలు ఉన్నాయి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివి. మొక్క గుబురుగా ఉంటుంది, పందిరి అక్కర్లేదు, పన్నెండంగుళాల బ్యాగు చాలు. గోంగూరదీ చిక్కుడు స్వభావమే. అక్టోబరులో విత్తితే జానెడు ఎత్తులోనే మొగ్గ తొడుగుతుంది. ఆకు కావాలంటే జూన్, జూలైల్లో వేసుకోవాలి.

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఉన్న తెలుగువారికి చిక్కుడు ఎందుకు కాయదో కూడా ఇందులోనే ఉంది. అక్కడ వేసవి పొద్దు చాలా ఎక్కువ. సెప్టెంబరులో పొద్దు తగ్గి పూత మొదలయ్యేసరికి మంచు వచ్చేస్తుంది. వాళ్లు పందిరి రకం వదిలేసి పొద్దుతో పనిలేని రకాన్నే వెతుక్కోవాలి. ఇక్కడి నుంచి గింజలు సూట్‌కేసులో పడేసుకుని వెళ్లడం మాత్రం కుదరదు. విమానాశ్రయంలో చెప్పి చూపించాలి, ఫైటోశానిటరీ ధ్రువపత్రం (గింజకు చీడపీడలు లేవని పంపే దేశం ఇచ్చే పత్రం) వంటి కాగితాలు అడుగుతారు. మనం విదేశీ వెబ్‌సైట్లలో విత్తనం కొన్నా అంతే. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశపు ధ్రువపత్రం రెండూ ఉండాలి. అదీగాక చల్లని దేశాల ఉల్లి విత్తనం చాలావరకు పొడుగు పొద్దు రకం. మన దగ్గర వేస్తే ఆకు పెరుగుతుంది గాని గడ్డ ఊరదు.

కాలీఫ్లవర్ మరీ సున్నితం. తొందర రకాలను జూన్, జూలైల్లో, చలి రకాలను అక్టోబరు ప్రాంతంలో నారు పోయాలి. ముందు రకాన్ని ఆలస్యంగా పోస్తే గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది, చలి రకాన్ని ముందే పోస్తే ఆకులే పెరుగుతాయి. ప్యాకెట్ మీద ఏ కాలపు రకమో రాయకపోతే కాలీఫ్లవర్ కొనవద్దు. క్యారట్, బీట్‌రూట్, ముల్లంగి, బఠాణీ కూడా నేను అక్టోబరు ఆర్డరుకే వదిలేస్తాను. టమాటాకు పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే పూత నిలవదు, రాలిపోతుంది. అందుకే ఎండాకాలపు కాపు మీద ఆశ పెట్టుకుని ఎక్కువ గింజలు కొనను.

ముప్పై నలభై రకాలు ఒకే కవరులో వచ్చే కాంబో ప్యాకులను నేను వద్దనడానికి ఇదే కారణం. ప్యాకు విప్పితే జూన్ నెలలో క్యారట్, క్యాబేజీ, బఠాణీ, లెట్యూస్ ఎదురవుతాయి. కాలం వచ్చేదాకా దాచితే గడువు తీరుతుంది, దాచకుండా విత్తితే పంట దక్కదు. నీలి టమాటా, రంగురంగుల మిరపగుత్తి బొమ్మలు పెట్టి అమ్మేవాటిని అసలు ముట్టుకోవద్దు. రకం పేరు లేని విత్తనానికి బొమ్మ ఎంత అందంగా ఉన్నా నమ్మకం లేదు.

సూటి రకమా (గింజ దాచి విత్తినా అదే రకం వచ్చేది), హైబ్రిడ్డా (రెండు రకాలను కలిపి చేసింది) అన్నది అందరూ అడిగేదే. నా పద్ధతి పంటను బట్టి మారుతుంది. ఆకుకూరలు, గోరుచిక్కుడు, చిక్కుడు, వంగ సూటి రకాలే తీసుకుంటాను. తోటకూరలో అర్క సుగుణ పలుమార్లు కోసుకునే రకం. 25 రోజులకు మొదటి కోత, తర్వాత మూడు నెలల వరకు ఐదారు కోతలు. రెండు మడులుంటే ఒక ఇంటికి ఇది చాలు. వంగలో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన భాగ్యమతి వంటి పాత రకాలు దొరికితే వాటినే ఎంచుకుంటాను, గుత్తి కూర రుచి వాటిలోనే ఉంది. మిరపలో గుంటూరు లాం పరిశోధన స్థానం ఇచ్చిన ఎల్‌సీఏ 334 మంచి ఘాటు. నాలుగు చెట్లలో రెండు అవి, రెండు కారం తక్కువవి వేస్తే పచ్చడికీ బజ్జీకీ సరిపోతుంది.

టమాటా దగ్గర మాత్రం హైబ్రిడ్‌కే మొగ్గుతాను. మిద్దె మీద గాలికి తెల్లదోమ ఎక్కడి నుంచైనా వచ్చి వాలుతుంది, దాని వెనకే ఆకుముడత వస్తుంది. అర్క రక్షక్ హైబ్రిడ్‌ను ఆకుముడత, బాక్టీరియా ఎండుతెగులు, ముందు వచ్చే ఆకుమాడు, ఈ మూడింటినీ తట్టుకునేలా తయారుచేశారు. ఆరు మొక్కలే కాబట్టి గింజకు ధర ఎక్కువైనా భారం కాదు. దాని పండ్ల గింజలు మాత్రం దాచి విత్తకూడదు, తర్వాతి తరంలో మొక్కకో తీరుగా విడిపోతాయి. బెండలో ఆకు ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులే పెద్ద శత్రువు. ఒకప్పుడు ఈ తెగులును తట్టుకుంటుందని పేరు పడిన పూసా సవాని ఇప్పుడు దానికి లొంగిపోతోంది, తర్వాత వచ్చిన అర్క అనామిక కూడా చాలాచోట్ల బలహీనపడింది. పేరు పాతదని మోజుపడి కొనకుండా, తెగులును తట్టుకుంటుందని ప్యాకెట్ మీద రాసి ఉన్న కొత్త రకం తీసుకోండి.

ఎంత కొనాలన్నది గ్రాముల్లో ఆలోచిస్తే మోసపోతాం. గింజల సంఖ్యలో ఆలోచించాలి. గ్రాము టమాటాలో దాదాపు మూడు వందల గింజలు, వంగలో రెండు వందలు, మిరపలో నూట యాభైకి పైగా ఉంటాయి. బెండ గ్రాముకు పదిహేను పదహారు, బీర ఏడెనిమిది, కాకర, సొర ఐదారు మాత్రమే. తోటకూర గ్రాములో వెయ్యి దాటతాయి. భారత విత్తన ప్రమాణాల్లో కనీస మొలక శాతం టమాటా, వంగలకు 70, బెండకు 65, మిరపకు, తీగజాతులకు 60. ఆరు వంగ మొక్కలు కావాలంటే 70 శాతం లెక్కన తొమ్మిది గింజలు, నారుకుళ్లుకు పోయేవి కలిపి పన్నెండు పదిహేను. పది గ్రాముల రైతు ప్యాకెట్ కొంటే అందులో రెండు వేల గింజలుంటాయి! బెండకు బ్యాగుకు రెండు గింజలు, పన్నెండు బ్యాగులకు 24, మొలవని చోట మళ్లీ పెట్టడానికి మరో ఎనిమిది, మొత్తం రెండు గ్రాములు. ఇరవై, ముప్పై గింజలు లెక్కపెట్టి అమ్మే చిన్న ప్యాకెట్లే ఇంటికి సరైనవి. అవి దొరకని రకమైతే అపార్ట్‌మెంటులో నలుగురు కలిసి ఒక ప్యాకెట్ తెప్పించుకుని పంచుకోవడం మంచిది. పార్సిలు ఛార్జీ విత్తనం ధరను మించిపోయేది చిన్న ఆర్డర్లకే.

ఎక్కడ కొనాలి? నేను మొదట చూసేది ప్రభుత్వ సంస్థలు. హెసరఘట్ట సంస్థ, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ రెండూ ఆన్‌లైన్‌లో అమ్ముతాయి. వాటిలో అన్ని రకాలూ అన్ని రోజులూ ఉండవు. సీజను ముంగిట చాలా రకాలకు నిల్వ లేదని చూపిస్తుంది, మే మొదట్లోనే ఆర్డరు పెట్టమనడానికి ఇదీ ఒక కారణం. తర్వాత ఊళ్లో లైసెన్సు ఉన్న విత్తనాల దుకాణం. అక్కడ ప్యాకెట్ చేత్తో పట్టుకుని తేదీ చూసి తీసుకునే వీలుంది. మూడోది పెద్ద షాపింగ్ సైట్లు. అక్కడ సైటు పేరు కాకుండా అమ్మకందారు పేరు చూడాలి. ప్యాకెట్ వెనకవైపు ఫొటో పెట్టని అమ్మకందారు దగ్గర నేను కొనను.

వెనకవైపు ఏముండాలో తెలిసి ఉండాలి. పంట పేరు, రకం పేరు, లాట్ నంబరు (ఆ గింజలు ఏ విడతవో చెప్పే సంఖ్య), మొలక శాతం, భౌతిక స్వచ్ఛత, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ, నికర బరువు, తయారీదారు చిరునామా. ధ్రువీకరించిన విత్తనానికి నీలం ట్యాగు, కంపెనీ సొంత పూచీతో ఇచ్చేదానికి ఆకుపచ్చ లేబులు. పరీక్ష తేదీ నుంచి గడువు తొమ్మిది నెలలు. ఆన్‌లైన్ పార్సిళ్లలో తరచుగా వచ్చే తప్పు ఇక్కడే కనిపిస్తుంది. గడువుకు నెల రోజులే మిగిలిన సరుకు తోసేస్తారు, లేదా పెద్ద సంచీలోంచి తీసి తెల్ల జిప్ కవరులో పోసి పెన్నుతో పేరు రాసి పంపుతారు. నాకూ ఒకసారి అలాంటి కవరులో వచ్చిన మిరప ఇరవై గింజల్లో ఒక్కటీ మొలవలేదు. లాట్ నంబరు లేదు కాబట్టి అడగడానికి ఆధారమూ లేదు. అప్పటి నుంచి పార్సిలు విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీస్తున్నాను, బిల్లూ ఖాళీ ప్యాకెట్టూ పంట అయ్యేదాకా ఉంచుతున్నాను. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే చెప్పింది. కానీ ఫిర్యాదుకు బిల్లు, లేబులు చేతిలో ఉండాలి.

గింజలు గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగుల్లో మెరుస్తుంటే వాటికి థైరమ్ వంటి శిలీంధ్రనాశిని పట్టించారని అర్థం. పిల్లలకు అందనీయవద్దు, చేతికి తొడుగు వేసుకుని విత్తండి, నానబెట్టవద్దు. నానబెడితే మందంతా నీళ్లలోకి పోతుంది. రసాయనం వద్దనుకుంటే శుద్ధి చేయని విత్తనమని రాసి ఉన్నదే అడిగి తెప్పించుకోవాలి. దానికి విత్తే ముందు కాస్త తడి చేసి చిటికెడు ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం) పొడి పట్టిస్తే నారుకుళ్లు తగ్గుతుంది.

పార్సిలు వచ్చిన రోజే మొలక పరీక్ష పెడతాను. ఎక్కువ గింజలున్న పంటల్లో పది తీసి, తడిపి పిండిన టిష్యూ కాగితంలో పరిచి, మడిచి, మూత డబ్బాలో నీడన ఉంచాలి. నీళ్లు కారేంత తడి ఉంటే గింజ కుళ్లుతుంది. తీగజాతుల్లో ఉండేదే పది గింజలు, పరీక్షకని వృథా చేయలేం. వాటిని జూన్‌లో విత్తే రోజుకు ముందు అన్నీ ఇలాగే కాగితంలో పెట్టి, తెల్లని వేరు పావంగుళం కాగానే మొలక విరగకుండా టబ్బులోకి మారుస్తాను. కాకర గింజ పెంకు గట్టిది. నెయిల్ కట్టరుతో అంచు కొద్దిగా కత్తిరించి, పన్నెండు గంటలు నానబెట్టాకే కాగితంలో పెట్టాలి. కొన కత్తిరించకపోతే రెండు వారాలైనా కదలదు, గింజ చచ్చిందనుకుని పారేస్తాం.

మే నెల ఎండలో ప్యాకెట్లు అల్మారాలో ఉంచితే మొలక శాతం పడిపోతుంది. గాలి చొరని గాజు సీసాలో సిలికాజెల్ పొట్లాలు వేసి, ప్యాకెట్లు నిలువుగా పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచుతాను. సిలికాజెల్ లేకపోతే దోరగా వేయించి చల్లార్చిన బియ్యం ఒక గుడ్డలో కట్టి వేయవచ్చు. సీసా బయటికి తీసిన వెంటనే మూత తీయకూడదు. గది వేడికి వచ్చేదాకా గంటసేపు ఆగాలి, లేదంటే చల్లని గింజ మీద తేమ పడుతుంది. ఇలా దాచినా అన్నీ ఒకే కాలం నిలవవు. ఉల్లి ఏడాది, మిరప, బెండ రెండేళ్లు, టమాటా, వంగ, తీగజాతులు నాలుగేళ్ల వరకు పర్వాలేదు. ప్యాకెట్ మీద విప్పిన తేదీ, మొలిచిన గింజల సంఖ్య రాసి పెట్టుకుంటే మరుసటి ఏడాది ఎన్ని ఎక్కువ విత్తాలో తెలుస్తుంది.

మిగిలిన సూటి రకాల నుంచి సొంత విత్తనం కట్టుకోవడం మంచిదే, అన్నిటికీ ఒకే పద్ధతి మాత్రం పనిచేయదు. టమాటా, గోరుచిక్కుడు, చిక్కుడు చాలావరకు తమలో తామే ఫలదీకరణ చెందుతాయి, రకం చెడదు. సొర, బీర, కాకర తేనెటీగల వల్ల పక్కింటి పాదుతో కలిసిపోతాయి. రేపు విచ్చబోయే ఆడపువ్వును, మగపువ్వును ముందుగానే పల్చని గుడ్డసంచీతో కట్టి, విచ్చాక మగపువ్వు పుప్పొడిని చేత్తో అంటించి, మళ్లీ కట్టేస్తేనే రకం నిలుస్తుంది. సొర, బీర సాయంత్రం విచ్చుతాయి, కాకర తెల్లవారుజామున. సొంత గింజతో వచ్చిన సొరకాయను కోసిన ప్రతిసారీ చిన్న ముక్క నాలుక చివర ఆనించి చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి కాయ మొత్తం పారేయాలి, వండినా ఆ విషం పోదు.

అక్టోబరు విత్తులకు రెండో ఆర్డరు ఆగస్టు చివర, మఖ కార్తె వెళ్లేలోపు పెడతాను. అందులో ముల్లంగి, క్యారట్, బీట్‌రూట్, బఠాణీ, పాలకూర ఉంటాయి. క్యారట్ తాజా లాటుదే కావాలి, పాతదైతే సగం కూడా మొలవదు. బఠాణీకి వంద గ్రాములకు తక్కువ తెప్పించినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే గుప్పెడు గింజలు రావాలంటే మడి నిండా మొక్కలుండాలి.